మూడో ప్రయత్నం

తాళం వేసి, గొళ్ళేన్ని ఒకసారి లాగి చూసి, మెట్లు దిగబోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూశాడు. లోపల భార్య ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"తియ్యండి, తియ్యండి," లోపలినుంచి నవ్వు వినిపించింది. "నన్ను ఇంత భద్రంగా దాచి ఏం చేసుకుంటారు? ఈ వయసులో ఎత్తుకుపోయేవాడు ఎవడూ లేడులెండి."

తాళం తీశాడు. ఆవిడ చేతిలో రెండు టిఫిన్ డబ్బాలున్నాయి. ఒకటి ఆయన సంచిలో పెట్టి, రెండోది గుమ్మం పక్కన బల్ల మీద ఉంచింది. ఆ రెండో డబ్బా ఇదివరకు ఆయనతోపాటే ఆఫీసుకి వెళ్లేది. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆవిడే స్వయంగా ఆసుపత్రికి పట్టుకెళ్తోంది.

"మా ఆడపడుచుతో ఏమైనా చెప్పమంటారా?"

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. "తలుపు తీసే ఉంచానని చెప్పు."

"ఏ తలుపు?"

"తనకి తెలుసులే."

ఆడపడుచు అంటే తోడబుట్టినది కాదు. ఆయనకి తోడబుట్టినవాళ్లే లేరు. ఆఫీసులో ముందు గదిలో కూర్చుని ఫోనెత్తే మనిషి. వచ్చిన కొత్తలో ఆయన్ని "అన్నయ్యా" అంది. ఆ ఒక్క పిలుపుతో ఇంటావిడకి ఆడపడుచయింది, ఆమె భర్తకి ఈయన బావగారయ్యాడు. చుట్టరికాలు కలవడానికి ఒక్కోసారి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఆయన పనిచేసేది ఒక రంగుల కంపెనీలో. గేటు దాటగానే టర్పెంటైన్ వాసన మొహాన కొడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి తలనొప్పి, పాతవాళ్లకి ఆ వాసన లేకపోతే తలనొప్పి. మెట్ల పక్క గోడంతా రకరకాల రంగుల చారలు. పరీక్షించడానికి పూసినవి అలాగే ఉండిపోయాయి. లిఫ్టు ఉంది గానీ దానికి ఆరోగ్యం బాగుండదు. ఆయన ఆ చారల పక్కనుంచే మెట్లెక్కి, రెండో అంతస్తు చివర ఉన్న యంత్రాల గదికి వెళ్తాడు. ఆ గది గోడలకి మాత్రం వంకాయ రంగు వేశారు. ఒకప్పుడు ఎంతో ఆశపడి తయారుచేసిన రంగు అది. ఎవరూ కొనలేదు. మిగిలిన డబ్బాలన్నీ ఆ గదికే ఖర్చయ్యాయి. లోపల యంత్రాలకోసం చలి. బయట ఎండ మండిపోతున్నా ఆయన మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెటర్ తొడుక్కుని కూర్చుంటాడు.

ఆఫీసులో అందరికీ ఆయన తాళాల బాబాయి. రంగులు కలిపేవాళ్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు, అమ్మేవాళ్లు ఏం చేస్తారో తెలుసు. బాబాయి ఏం చేస్తాడో చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతారు. కంపెనీ కంప్యూటర్లలోకి బయటివాడు చొరబడకుండా కాపలా కాస్తాడు. ఎవరు ఏది తెరవచ్చో, ఎవరు ఏది చూడకూడదో కట్టుదిట్టం చేస్తాడు. ఏ రంగులో ఏది ఎంత పడుతుందన్న లెక్కలన్నీ రోజూ ఇంకోచోట నకలు తీసి దాస్తాడు. అప్పుడప్పుడు తనే దొంగ వేషం వేసి, "మీకు ఉచితంగా గొడుగు వచ్చింది, ఇక్కడ నొక్కండి" అని అందరికీ ఉత్తుత్తి మెయిల్ పంపి, ఎవరు నొక్కుతారో చూస్తాడు. గాలం అంటాడు దాన్ని. ఆ గాలానికి మేనేజరు రెండుసార్లు చిక్కాడు. రెండోసారి, "బాబాయ్, గొడుగు ఇవ్వకపోయినా ఫర్లేదు, నేను నొక్కానని మాత్రం ఎవరికీ చెప్పకు" అని బతిమాలుకున్నాడు. ఆయన ఎవరికీ చెప్పలేదు. మేనేజరే తట్టుకోలేక అందరికీ చెప్పుకున్నాడు.

ఏమీ జరగకపోవడమే ఆయన పనితనం. ఏమీ జరగనందుకు ఎవరూ ఎవరి భుజమూ తట్టరు.

ఆరోజు కూడా కుర్చీలో కూర్చుని ముందు రాత్రి సంగతులు చూసుకున్నాడు. ఎక్కడెక్కడినుంచో ఎవరెవరో తలుపులు తట్టి, తెరుచుకోకపోయేసరికి పోయిన గుర్తులు తెరమీద వరసగా ఉన్నాయి. ఊరకుక్కలు చెత్తకుండీలు వాసన చూసిపోయినట్టు రోజూ ఉండేవే. నకళ్లు సరిగ్గా పడ్డాయో లేదో చూశాడు. అన్నీ అయ్యాక ఒక పేరు వెతికి తెరిచాడు. ముందు గది ఫోనక్క లాగిన్.

ఎవరైనా నెలరోజులు వాడకపోతే ఆ లాగిన్ దానంతటదే మూతపడుతుంది. ఆ నియమం పెట్టింది ఆయనే. దాన్ని ఆపాలంటే గడువు పొడిగించి, కారణం రాయాలి. ఒకసారి పొడిగిస్తే ఇంకో నెలదాకా చూడక్కర్లేదు. అయినా ఆయన రోజూ పొడిగిస్తాడు, మొక్కకి నీళ్లు పోసినట్టు. కారణం దగ్గర రోజూ ఒకటే రాస్తాడు: సెలవులో ఉన్నారు.

ఇలాంటిది ఆయన తన సర్వీసులో ఇంకెవరికీ చెయ్యలేదు. పాతికేళ్లు పక్క బల్ల మీద పనిచేసిన స్నేహితుడు రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఆ స్నేహితుడు కళ్లు తుడుచుకుంటూ మాట్లాడుతుండగానే ఈయన లేచి వెళ్లి అతని లాగిన్ మూసి, వచ్చి కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. అందుకే ఆఫీసులో ఒక నానుడి పుట్టింది. ఎవరైనా ఉద్యోగం మానేసినా, తీసేసినా, పోయినా, "బాబాయి తలుపేశాడు" అంటారు. ఇక ఆ మనిషి ఈ గేటు లోపలికి రాడని అర్థం.

ఆయన్ని రాతిగుండె అనుకునేవాళ్లకి కోళ్లగూడు సంగతి తెలియదు. చిన్నప్పుడు పొద్దుగూకేవేళ కోళ్లగూడు తలుపు వెయ్యడం ఆయన పని. అమ్మ పొయ్యి దగ్గరనుంచే కేకేసేది, "వేశావురా?" అని. వేశానని చెప్పేవాడు. ఒకరోజు ఆటలో పడి వెయ్యకుండానే వేశానన్నాడు. తెల్లారి లేచేసరికి వాకిలంతా ఈకలు. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. చీపురు తీసుకుని ఒక్కో ఈకా గుమ్మం అవతలికి ఊడ్చుకుంటూ వెళ్లింది. ఆ చీపురు చప్పుడు ఆయన చెవుల్లోంచి ఈనాటికీ పోలేదు. తలుపు కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి తనంతట తనే గడియ మీదికి పోతుంది.

అలాంటి మనిషి ఒక తలుపు తీసిపెట్టి కూర్చున్నాడు.

ఫోనక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె గొంతులో ఏదో ఉండేది. డబ్బా లీకయిందని నిప్పులు కక్కుతూ ఫోన్ చేసినవాడు కూడా ఆమెతో కాసేపు మాట్లాడాక, "ఇంకో రెండు డబ్బాలు పంపించండమ్మా" అని పెట్టేసేవాడు. పొద్దున్నే ఆఫీసందరికీ ఒక మెయిల్ పెట్టేది. ఎవరు సెలవో, ఎవరొస్తున్నారో, లిఫ్టు లేచిందో పడిందో, చివర ఒక చురక. "గొడుగు ఎవరికి వచ్చిందో నేను చెప్పను, కానీ ఆయన గది మూలది" అని ఒకసారి రాసింది. పనిలో పడేముందు అందరూ అది చదివి నవ్వుకునేవాళ్లు.

ఆమెకి పాస్‌వర్డ్ ఒక్కసారికి పడేది కాదు. మూడుసార్లు తప్పు కొడితే లాగిన్ బిగుసుకుపోతుంది, బాబాయి వచ్చి విడిపించాలి. ఆమె రోజూ రెండుసార్లు తప్పు కొట్టేది. మూడోసారి సరిగ్గా కొట్టేది. ఎండైనా వానైనా అంతే. తెరమీద ఒక ఎర్రగీత, ఇంకో ఎర్రగీత, కాస్త ఆగి ఒక పచ్చగీత పడితే, ఆయన తలెత్తకుండానే "అమ్మాయి వచ్చింది" అనుకునేవాడు. గడియారం అక్కర్లేకపోయేది.

"అదేంటమ్మా, నీ పాస్‌వర్డ్ నీకే తెలియదా?" అని ఒకసారి భోజనాల దగ్గర అడిగాడు.

"తెలుసన్నయ్యా. మొదటిసారి తొందరలో తప్పు. రెండోసారి మీరు పైన చూస్తుంటారన్న భయంలో తప్పు. మూడోసారి తప్పితే మీరే దిగి వస్తారుగా, ఆ భయానికి ఒప్పు."

"అంత భయంకరంగా ఉంటానా?"

"అద్దంలో చూసుకోడానికి కూడా పాస్‌వర్డ్ పెట్టుకున్నారేమో, మీకు తెలిసినట్టు లేదు."

అందరూ ఇళ్లనుంచి పనిచెయ్యాల్సిన రోజుల్లో ఆమెకి ఒక లాప్‌టాప్, ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చారు. తాళంచెవి అంత బిళ్ల. దాని గాజు కిటికీలో ఆరు అంకెలు కనిపిస్తాయి, అరనిమిషానికోసారి మారిపోతుంటాయి. బయటినుంచి లోపలికి రావాలంటే పాస్‌వర్డ్‌తోపాటు ఆ క్షణాన ఉన్న అంకెలూ కొట్టాలి. ఆమె దాన్ని ఇంటి తాళాలగుత్తికి తగిలించుకుంది. "ఇదెందుకన్నయ్యా ఊరికే మారుతుంది?" అని అడిగితే, "ఉన్నచోట ఉంటే దొంగ పట్టుకుంటాడమ్మా" అన్నాడు. "పాపం, నిద్ర కూడా పోదన్నమాట" అంది.

తర్వాత గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. వేడినీళ్లు తాగమన్నారు. ఫోన్ చేసినవాళ్లు "ఎవరండీ మాట్లాడేది?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాటకే ఆమె ఎక్కువ బాధపడింది. జలుబు కాదని తేలింది. ఆపరేషన్ అయ్యాక ఉన్న గొంతు కూడా పోయింది. ఆయన చూడ్డానికి వెళ్లినప్పుడు పిల్లలు గీసుకునే పలక మీద రాసి చూపించింది: "నా తలుపు వెయ్యకండి అన్నయ్యా. వస్తాను." ఆయన ఎవరికీ మాటిచ్చే రకం కాదు. "వెయ్యను" అన్నాడు.

ఆరోజు పదిగంటల ప్రాంతంలో ఆడిటర్ అమ్మాయి వచ్చింది. కంపెనీ భద్రత ఎలా ఉందో చూసి రిపోర్టు ఇవ్వడానికి బయటినుంచి వచ్చే మనిషి. జుట్టు గట్టిగా దువ్వి ముడేసుకుంది. చలికి వణుకుతూనే గదంతా కలియజూసి, "ఈ రంగు ఎవరు సెలెక్ట్ చేశారు సార్?" అంది.

"ఎవరూ సెలెక్ట్ చెయ్యలేదమ్మా, అందుకే ఇక్కడుంది."

ఆ అమ్మాయి నవ్వింది. పని మాత్రం నవ్వులాటగా చెయ్యలేదు. నకళ్లు తెరిపించి చూసింది, బయటివాళ్లని ఆపే గోడలాంటి యంత్రాల నియమాలు ఒక్కోటీ చదివింది, ఎవరెవరికి లోపలికి దారి ఉందో పేరు పేరునా అడిగింది. ఒక పేరు దగ్గర ఆగింది.

"ఈవిడ వాడి చాలా కాలమయింది. ఇంకా తెరిచే ఉందేంటి సార్?"

"సెలవులో ఉంది."

"ఎక్కువకాలం సెలవైతే ఆపేయాలి కదా. మీరు రాసిన రూలే సార్."

"నేను రాసిందే."

"మరి?"

"వస్తానంది."

ఆ అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. "సార్, సాయంత్రం నేను వెళ్లేలోగా ఆపేయండి. నేను రిపోర్టులో రాయను. ఆవిడ వచ్చాక మళ్లీ తెరవచ్చుగా, నిమిషం పని."

"నిజమే," అన్నాడు. నిజంగానే నిమిషం పని. ఆ అమ్మాయి మంచిమాటే చెప్పింది. వాడని తలుపులోంచే దొంగ వస్తాడని ఆయనే పదిమందికి పాఠం చెప్పాడు. కానీ ఆమె అక్కడ మంచంమీదనుంచి ఏదో ఒకరోజు తట్టి చూస్తే, ఆ రోజుకి ఇది మూసి ఉంటే, తెరమీద వచ్చే రెండు ముక్కల ఇంగ్లీషుకి ఆమె ఏం అర్థం చెప్పుకుంటుందో ఆయనకి తెలుసు. బాబాయి తలుపేశాడు అనుకుంటుంది. డాక్టర్లు చెప్పనిది తన చేత్తో తను చెప్పినట్టవుతుంది.

"సాయంత్రం చూద్దామమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పి రొట్టెముక్క తుంచాడో లేదో, తెరమీద ఒక ఎర్రగీత పడింది.

బయటినుంచి ఎవరో తడుతున్నారు. ఫోనక్క పేరుతో. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. ఇంకో ఎర్రగీత. ఆడిటర్ అమ్మాయి కూడా చూసి కుర్చీ ముందుకి లాక్కుంది. "సార్, ఇదిగో, నేను చెప్పింది ఇదే..."

"ఆగమ్మా. ఆగు."

కాస్త వ్యవధి. ఎవరో ఊపిరి పీల్చుకున్నంతసేపు. పచ్చగీత.

"అమ్మాయి వచ్చింది," అన్నాడు. రొట్టెముక్క ఎక్కడ పెట్టాడో ఆయనకి తెలియదు.

ఆసుపత్రి నెట్టునుంచి వచ్చింది. లోపలికి వచ్చి ఏదీ వెతకలేదు, ఏదీ తియ్యలేదు. కాసేపటికి ఆఫీసందరి పేరా ఒక మెయిల్ బయల్దేరింది. మెయిళ్లని వడపోసే యంత్రం దాన్ని ఆపేసింది. చాలాకాలంగా వాడని లాగిన్, బయటి చోటు, అందరికీ ఒకేసారి మెయిల్: దొంగ చేసే పని సరిగ్గా అలాగే ఉంటుంది. వదలాలో, చింపెయ్యాలో చెప్పమని యంత్రం బాబాయిని అడిగింది.

"ఫోన్ చేసి కనుక్కోండి సార్," అంది ఆ అమ్మాయి. "అనుమానమొస్తే మనిషి గొంతు వినాలని మీ రూల్సులోనే ఉందిగా."

"ఆవిడకి గొంతు లేదమ్మా."

ఆ అమ్మాయికి ఒక్కక్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కలం బల్లమీద పెట్టేసింది.

"రెండు తప్పులు కొట్టి మూడోసారి ఒప్పు కొట్టింది," అన్నాడాయన. "రోజూ అంతే."

"అది రుజువు కాదు కదా సార్."

"కాదు," అని ఒప్పుకున్నాడు. "రుజువు కాదు."

ఆపిన ఉత్తరం చదవడం ఆయన పనిలో భాగమే. తెరిచాడు.

"ఈరోజు కబుర్లు. సెలవులో ఉన్నవాళ్లు: ఫోనక్క. తిరిగి ఎప్పుడొస్తుందో ఇంకా చెప్పలేదు. లిఫ్టు: నాకెలా తెలుస్తుంది? పాడయ్యే ఉంటుంది, మెట్లెక్కండి, ఒళ్లు తగ్గుతుంది. ముందు గదిలో మొక్కకి ఎవరైనా నీళ్లు పోస్తున్నారా? మేనేజరుగారికి మనవి: ఈ మెయిల్ నొక్కితే గొడుగు రాదు. తాళాల బాబాయికి: థాంక్యూ అన్నయ్యా, తలుపు తీసే ఉంది."

ఆయన కళ్లజోడు తీసి స్వెటర్ అంచుతో తుడిచాడు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "నేను టీ తాగి వస్తాను సార్. నేనేం చూళ్లేదు," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఉత్తరాన్ని వదిలాడు. వెళ్లింది. మనసంతా ఆ ఉత్తరం వెంట వెళ్తుంటే, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఆసుపత్రి నెట్టు పదిమందీ వాడేది. అలాంటి చోటినుంచి తెరిచిన దారిని పని కాగానే వేసెయ్యాలి. లాగిన్ జోలికి పోకుండా, ఆ ఒక్క దారీ వేసేశాడు. మళ్లీ రావాలంటే మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి. వేసినట్టు ఆయనకి పెద్దగా తెలియను కూడా తెలియదు.

కాసేపటికి కింద హాల్లో ఎవరో పెద్దగా నవ్వారు. తర్వాత ఇంకెవరో. మెట్లమీద అడుగుల చప్పుడు. ఆయన కిందికి దిగి చూశాడు. ముందు గదిలో పెద్ద బల్ల వెనక, ఆమె కుర్చీ పక్కన, వడలిపోయి మెడ వాల్చేసిన మొక్క చుట్టూ జనం. అమ్మకాలవాళ్లొక చెంబెడు పోశారు, లెక్కలవాళ్లొక సీసాడు పోశారు, మేనేజరు తన గదిలోంచి జగ్గు పట్టుకొచ్చాడు.

"చాలు బాబూ, అది మొక్క, చేప కాదు!" అని ఊడ్చే అవ్వ గోల పెట్టింది. కుండీ కింద పళ్లెం నిండి నీళ్లు నేలమీదికి పారాయి.

"ఫోనక్కకి జవాబు రాశావా?" "రాశాను." "నేను పేజీడు రాశాను." "నేనో బొమ్మ పెట్టాను." "గొడుగు సంగతి నేనూ రాశాను," అన్నాడు మేనేజరు, జగ్గు ఎక్కడ పెట్టాలో తెలియక గుండెలకి హత్తుకుని. "తిట్టాను. బాగా తిట్టాను."

పైకి వచ్చేసరికి ఆయన అడుగు తేలిగ్గా ఉంది. సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి మొక్క సంగతి చెప్పాలి అనుకున్నాడు. అవ్వ అన్నమాట అచ్చంగా అలాగే చెప్పాలి. మరిచిపోకుండా ఒకసారి లోలోపల అనుకుని చూసుకున్నాడు.

ఎండ వాలుతుండగా ఆడిటర్ అమ్మాయి సంచి సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "సార్, ఆ ఒక్కటి..." అంది, తనదే తప్పయినట్టు.

ఆయన తల ఊపి తెర వైపు తిరిగాడు. అప్పుడే ఎర్రగీత పడింది.

"ఇదిగో," అన్నాడు ఆనందంగా. "మళ్లీ తడుతోంది. రానిద్దాం. ఈసారి చూసుకుని వెళ్లాక వేసేస్తాను. నీ మాట పోనివ్వను."

రెండో ఎర్రగీత పడింది. ఆ అమ్మాయి సంచి దించి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. యంత్రాల గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆమె ఊపిరి తీసుకునేంతసేపు గడిచింది. అంకెలు ఇంకోసారి మారేంతసేపు గడిచింది. నర్సు వచ్చి ఉంటుంది అనుకున్నాడు. మందు వేస్తూ ఉంటారు. అలిసిపోయి చెయ్యి పక్కన పెట్టి ఉంటుంది.

"మర్చిపోయి ఉంటారేమో," అంది ఆ అమ్మాయి మెల్లగా.

"మూడోసారి తప్పదు," అన్నాడు.

మూడోసారి రాలేదు. తెరమీద రెండు ఎర్రగీతలు, వాటికింద ఖాళీ. ఆ అమ్మాయి చాలాసేపు కూర్చుని, "రేపు ఫోన్లో కనుక్కుంటాను సార్," అని లేచింది. వెళ్లేముందు ఏమనుకుందో, మధ్యాహ్నం ఆయన అలాగే వదిలేసిన డబ్బాకి మూత పెట్టి వెళ్లింది.

ఆ తర్వాత ఫోను మోగింది. భార్య.

"ఏవండీ," అంది. వెనకాల ఆసుపత్రి చప్పుళ్లు, ఏదో తోపుడుబండి చక్రాల కీచు. "మీరు రండి. మెల్లగా రండి, తొందరేం లేదు."

తొందర లేదన్న మాటతో ఆయనకి అంతా తెలిసిపోయింది.

ఆసుపత్రి వసారాలో బల్ల మీద ఫోనక్క భర్త కూర్చుని ఉన్నాడు. వడ్రంగి. చెవి వెనక పెన్సిల్ అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయినట్టున్నాడు. భార్య ఆ పక్కనే, ఒళ్లో పొద్దుటి డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఆయన్ని చూసి వడ్రంగి లేవబోయాడు.

"కూర్చో, కూర్చో."

"బావగారూ, మధ్యాహ్నం ఎంత ఉషారుగా ఉందో మీరు చూడాల్సింది," అన్నాడు. అది చెప్పడానికే ఎదురుచూస్తున్నట్టు గబగబా అన్నాడు. "అందరికీ ఏదో రాసింది. రాసి, జవాబులొస్తాయి చూడు అని సైగ చేసింది. దిండు ఎత్తుగా పెట్టించుకుని కూర్చుంది. ఇంతలోకే ఉన్నట్టుండి ఆ మెయిల్ మూసుకుపోయిందండీ. నెట్టు పోయిందేమో అనుకున్నాం. కాసేపు పడుకోవే అన్నాను. పడుకుంది. లేచి మళ్లీ తెరవమని సైగ చేసింది. ఎవరేం రాశారో చూడాలని. రెండుసార్లు తప్పు కొట్టింది. నవ్వింది కూడా. ఇక మూడోసారి..." తన చేతివేళ్ల వంక చూసుకున్నాడు. "వేళ్లు వాటిమీదే ఉన్నాయి బావగారూ. నేను ఆలోచిస్తోందనుకున్నాను."

ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. ఎక్కడో చీపురు నేలమీద సాగిన చప్పుడు. ఈకలు ఊడ్చే చప్పుడు.

"నేనే వేశాను," అన్నాడు.

"ఏంటండీ?"

"తలుపు."

"ఏ తలుపు బావగారూ?"

భార్య లేచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది, స్వెటర్ అతుకు దగ్గర. పొద్దున్న ఆ మాటే అడిగిన మనిషి. ఇప్పుడు ఏమీ అడగలేదు.

వడ్రంగి జేబులోంచి తాళాలగుత్తి తీశాడు. మొద్దుబారిన వేళ్లతో చాలాసేపు తంటాలుపడి, ఆ ప్లాస్టిక్ బిళ్లని గుత్తినుంచి విడదీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది కంపెనీది కదండీ. ఎవరి వస్తువు వాళ్లకి ఇచ్చెయ్యాలి అంటుండేది."

బిళ్ల వెచ్చగా ఉంది.

మర్నాడు ఆయన ఇంటికి తాళం వెయ్యలేదు. భార్య గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా చూసి, తనే లోపలినుంచి గడియ పెట్టుకుంది.

యంత్రాల గదిలో స్వెటర్ తొడుక్కుని కూర్చున్నాడు. ఆమె పేరు తెరిచాడు. రెండు తప్పులు, ఇంకొక్క ప్రయత్నం మిగిలి ఉంది అని చూపించింది. లోపల జవాబులున్నాయి. అమ్మకాలవాళ్లవి, లెక్కలవాళ్లవి, మేనేజరు తిట్లు. అన్నీ చదవనివే, అందుకే అన్నీ ముదురక్షరాల్లో ఉన్నాయి. ఒకరి ఉత్తరాలు ఇంకొకరు చదవకూడదు. ఆయన చదవలేదు. ఎంతసేపు కూర్చున్నాడో, చివరికి మూసివేయి అన్నచోట నొక్కాడు. కారణం అడిగింది. రోజూ రాసినదాన్ని యంత్రం గుర్తుంచుకుని తనే రాసిపెట్టింది: సెలవులో ఉన్నారు. ఆయన దాన్ని చెరపలేదు.

తిరిగి వచ్చిన బిళ్లని విరిచి పారెయ్యాలని నియమం. ఆయన దాన్ని గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగాడు. ముందు గదిలో ఇంకా ఎవరూ రాలేదు. అవ్వ నిన్నటి నీళ్లు తుడిచేసి వెళ్లింది గానీ, కుండీ కింద పళ్లెం ఇంకా అంచుదాకా నిండే ఉంది. మొక్క కాస్త మెడ ఎత్తింది. బిళ్లని కుండీ పక్కన, ఫోనుకి దగ్గరగా పెట్టి ఆయన పైకి వెళ్లిపోయాడు.

ఖాళీ కుర్చీ ఎదురుగా, దాని చిన్న గాజు కిటికీలో ఆరు అంకెలు కాసేపు నిలిచి, చెరిగి, మరో ఆరు అంకెలయ్యాయి.